మోచేయి జర వంచు

పైలంగ దిగు పర్వతాలు, నిచ్చెన కాడ తడున్నది.
పన్నెండు గజాల బాయే, భయపడకు.
పైన ట్రాక్టరు మీద కంప్రెసర్ మొదలువెట్టక ముందే
నాలుగు మాటలు చెప్త.
మొదలైనంక నా మాట నాకే ఇనవడదు.

ముందుగాల కాళ్లు.
చదును జాగ లేకుంటే రాళ్లు పేర్చుకో.
ఒంటికాలు మీద నిలవడ్డోడు
మిషన్‌నే ఊతకర్ర చేసుకుంటడు.
అది నిన్ను మోస్తున్నదనుకుంటవ్,
దాని దడంతా నువ్వు మోస్తుంటవ్.

పొట్ట ఆనియ్యకు.
చందంపేట బాయిల రాయి గట్టిదని నేను ఆనిచ్చిన.
ఆ రాత్రి జొన్నరొట్టె ఒక్క తునక లోపల నిలవలే.
దానికి దాని బరువున్నది,
దాని పని దాన్ని చెయ్యనీ.

మోచేయి జర వంచు.
గట్లగాదు. గంత గాదు.
తలుపు గడియ తీసే చెయ్యి ఎట్లుంటదో, గట్ల.
చేతులు కర్రలోలె నిగిడితే
దడ మణికట్టు కాడ ఆగదు,
జబ్బకెక్కుతది, మెడకెక్కుతది,
రాత్రి నిద్రల గూడ పండ్లు కటకటలాడుతయ్.
వంచితే పోతదా?
పోదు. ముంజేతిల్నే ఉండిపోతది.
ఎంతో కొంత ఒంట్లె ఎవడో ఒకడు తీసుకోవాల్సిందే.
ఏ కీలు తీసుకోవాల్నో
అదొక్కటే నీ ఇష్టం.

మర్రిగూడ నీళ్లు మా నాయిన నడుం వంచినయ్.
నా అంతల నేను వంచుకున్నది
ఈ మోచేయొక్కటే, అది గూడ ఆలస్యంగ.

ఇగ పట్టు.
తొలిసూరి మేక పొదుగు పట్టినవా ఎప్పుడన్న?
వదులైతే తన్నుతది, బిగువైతే పాలియ్యది.
గట్ల పట్టు.
మా మేస్త్రి కుర్మయ్య మాకు జెప్పింది ఒక్కటే ముచ్చట:
గట్టిగ పట్టురా, ఆడోళ్ల లెక్క పట్టకు.
ఇరవై రెండేండ్లు గట్టిగ పట్టిన.
ఇప్పుడు చాయ గిలాస పట్టరాదు.

గోడకు అడ్డంగ కొట్టేటప్పుడు
భుజం కంటె పైకి ఎత్తకు.
మంచె కట్టియ్యమను బాయి ఆసామిని.
అరపూట ఆగమైతదంటడు.
కానీ.

ఇగో, ఈ యేళ్లు చూడు.
ఎండకాలం అందరి యేళ్లే.
పూసమాసం పొద్దుగాల ఈ మూడు
సున్నం పూసినట్టు తెల్లగైతయ్.
నొప్పి లేదు. గదే మోసం.
నొప్పుంటే ఆగేటోన్ని గదా.
అంగీ గుండీలు మా సోమక్క పెడ్తది,
పెండ్లినాడు గూడ నిన్నిట్ల ముస్తాబు చెయ్యలే అని నవ్వుతది.
నేనూ నవ్వుత. ఏం జేస్త.

నల్లగొండ పెద్దాస్పత్రిల సారు
బీడీ తాగుతవా అనడిగిండు.
తాగుత అన్న.
అదే రాసుకున్నడు.
మిషన్ సంగతి అడగలే, నేనూ చెప్పలే,
చెప్పాల్సిన సంగతని నాకు గూడ ఎరుక లేకుండె.

మూడోనాడు పొద్దుగూకంగ
తూర్పు గోడల నీలిరాయి సందుల నుంచి ఊట.
పర్వతాలు మిషన్ ఆపిండు.
ఆ నిమ్మళంల నీటి సప్పుడు
చీమ నడిచినంత.
పైనుంచి ఆసామి కేకేసిండు:
చల్లగున్నయా? తియ్యగున్నయా?

పోరడు దోసిలి పట్టి నా దిక్కు చూసిండు.
పెద్దోడు ముందు చెప్పాలె.
యేళ్లు ముంచిన.
ఏం దెల్వలే.
బట్ట ముట్టినట్టున్నది, గాలి ముట్టినట్టున్నది.
అంగీ చెయ్యి పైకి మడిచి
వంగి
మోచేయి ముంచిన.

చల్లగున్నయ్ అని కేకేసిన.
తీపి సంగతి నువ్వు చూడు అన్న వానితోని.

చూసిండు. ఏం చెప్పలే.
పైకొచ్చి జేబురుమాలుతోని చేతులు తుడుసుకుంట
తన యేళ్లు తనే లెక్కవెట్టుకున్నట్టు చూసుకున్నడు.

అగో, ఒకటి చెప్పుడు మర్చిన.
బిట్టు మొద్దువడ్డది, రేపు దేవరకొండల సానవెట్టియ్యాలె.
మొద్దు బిట్టు
రాయిని కొట్టేదానికంటె
మనిషిని ఎక్కువ కొడ్తది.